పెదనాయన బుట్ట పోయే ఇల్లు

మా వంశంలో నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా అర్థమైన మనిషి ఒక్కడే. ఆయనకు పది వేళ్ళలో ఏడే మిగిలాయి.

ఆయన మా నాయనకు అన్న, నాకు పెదనాయన. నందికొట్కూరు దగ్గర పల్లెలో రెండెకరాల్లో టమాటా, ఉల్లి పండిస్తాడు. నేను హైదరాబాదులో ఆయుధాలు తయారుచేసే ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్తను. ఎగిరిపోయిన క్షిపణి ఏ క్షణాన పేలాలో తేల్చే చిన్న భాగం ఒకటి ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

మా అమ్మ లెక్కలో నేను చంద్రుడి మీదికి రాకెట్లు పంపుతాను. అది వేరేవాళ్ళ పనమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, చర్చిలో కొత్తవాళ్ళకు నన్ను చూపించేటప్పుడు ఆమె చెయ్యి ఆకాశం వైపే లేస్తుంది. మా అత్తగారు నాది కంప్యూటర్ల ముందు కూర్చునే పని అనుకుంటుంది. మా ఆయన ఎవరడిగినా "గవర్నమెంటు జాబ్" అని మాట తెంపేస్తాడు.

పెదనాయన అట్లా కాదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవుకు ఊరికి పోయినప్పుడు, ఉల్లిగడ్డలు ఏరుతూ తలెత్తకుండా అడిగాడు.

"ఏమ్మా, తేమ తగిల్తే మీది పన్జేస్తాదా?"

సరిగ్గా ఆ నెలంతా మా వాళ్ళం తేమతోనే తలలు పట్టుకుని కూర్చున్నాం. అవన్నీ చెప్పకూడదు పెద్నాయనా, రహస్యం, అన్నాను.

"చెప్పొద్దులే. నీ మొగం చూస్తానే తెలిసె. పన్జెయ్యదు."

ఆయనకు ఆ అనుభవం ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు కక్ష పెంచుకుని కొట్టుకుచచ్చిన రోజుల్లో, పెదనాయన ఒక పక్షానికి నాటుబాంబులు చుట్టేవాడు. ఒకటి చేతిలోనే పేలి ఎడమచేతి వేళ్ళు మూడు తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ పని మానేసి తోటలో పడ్డాడు. మామూలు గుండీలు పెట్టుకోలేడు కాబట్టి ఆయన చొక్కాలన్నిటికీ నొక్కితే అతుక్కునే టిచ్ గుండీలే. చిన్నప్పుడు నేను పరుగున పోయి ఆ చొక్కాను రెండు చేతులా పట్టి లాగేదాన్ని. టపటపమని పైనుంచి కింది దాకా ఊడిపోయేది. ఆయన ఒక్కనాడూ కసురుకోలేదు. ఆ చొక్కాలు ఎవరు కుడతారని నేనూ ఒక్కనాడు అడగలేదు.

మా చర్చి తాతముత్తాతల నాటిది. ఏడాదికొకసారి కోత పండుగ చేస్తారు. ఆరోజు ఎవరి చేతి పనిలో పుట్టిన మొదటి ఫలాన్ని వాళ్ళు తెచ్చి ముందున్న బల్ల మీద పెట్టాలి. రైతులు ఉల్లి, జొన్న, మిరప తెస్తారు. బుట్టలల్లేవాళ్ళు బుట్ట తెస్తారు, కోళ్ళు పెంచే అవ్వ గుడ్లు తెస్తుంది. అయ్యగారు ఒక్కొక్కటి ముట్టి ప్రార్థన చేస్తారు. మంగంపేట గనుల్లో పనిచేసే మా చిన్నత్త అల్లుడు ఒకసారి తన చేతి ఫలమని ముగ్గురాయి గడ్డ ఒకటి మోసుకొచ్చి పెట్టాడు. చూడ్డానికి గుమ్మడికాయంతే గానీ, దాని బరువుకు బల్ల కాలు విరిగింది. అప్పటినుంచి రాళ్ళు నేల మీదే పెట్టాలని మా సంఘంలో ఒక నియమం ఉంది.

నాకే ఏం పెట్టాలో తెలిసేది కాదు. నేను చేసే వస్తువును సంచిలో వేసుకుని ఊరికి తేలేను కదా. మొదటి ఏడు పెన్ను పెట్టాను. ఆ తర్వాత మా అమ్మ నందికొట్కూరు సంతలో గుమ్మడికాయ కొని నా చేతికిచ్చేది. "ఇది నీ చేతి ఫలమేనామ్మా?" అని అయ్యగారు నవ్వుతూ అడిగితే, "బేరమాడింది నేనే అయ్యగారూ" అనేదాన్ని.

పెదనాయన మాత్రం ఏనాడూ బల్ల దగ్గరికి పోలేదు. చెప్పులు విడిచే చోట, గడప పక్కన గోడకానుకుని కూర్చుంటాడు. పెద్దమ్మ ఒక్కతే ఉల్లిగడ్డలు తీసుకుని ముందుకు పోతుంది. అంత టమాటా పండించి ఒక్క కాయైనా తీసుకురాడేమిటి, ఇంత పిసినారితనమేమిటి అని నేను మనసులో అనుకునేదాన్ని.

ఆమధ్య సరిహద్దులో కొన్నాళ్ళు పోరు జరిగింది. మా క్షిపణులు ఎగరడం టీవీలో చూపించారు. ఆఫీసులో మిఠాయిలు పంచారు, మా విభాగానికి ఇత్తడి రేకు తాపిన చెక్క జ్ఞాపిక ఇచ్చారు. నాకు సంతోషమైంది. లేదని చెబితే అబద్ధం. పద్దెనిమిదేళ్ళ పని సమయానికి అక్కరకొచ్చిందంటే ఎవరికి కాదు? అయ్యగారు స్వయంగా ఫోన్ చేశారు. ఈసారి కోత పండుగలో నువ్వు సాక్ష్యం చెప్పాలి, నీ చేతి ఫలాన్ని అందరి ముందూ బల్ల మీద పెట్టాలి అన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన బతుకులో చేసిన మేలును నిలబడి చెప్పడం. గుమ్మడికాయల పీడ వదిలిందని ఆ జ్ఞాపికను పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

పండుగకు రెండు రోజుల ముందే ఊరు చేరాను. చర్చి ముందు దిగాను. ఏటా జొన్న కంకులతో సిలువ కట్టేచోట, మా సంఘం యువజనులు జొన్నచొప్పతో నిలువెత్తు క్షిపణి కట్టారు. నడుముకు బంతిపూల దండ, కొనకు ఎర్ర కాగితం, అడుగున అట్టముక్కల రెక్కలు. దాని మీద తాటికాయంత అక్షరాలతో నా పేరు. అయ్యగారు పక్కనే నిలబడి తల గోక్కుంటున్నారు. "వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారమ్మా" అన్నారు, నేనేమీ అడగకముందే.

పెదనాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగా కట్నారు. లోపల ఏం పెట్నారు?" అని అడిగాడు.

"చొప్పే మామా" అన్నారు వాళ్ళు.

"అయితే మంచిది" అని ఇంటికి నడిచాడు. నేను నవ్వుకుంటూ వెంట పోయాను. అరుగు మీద కూర్చున్నాక ఆయన అడిగాడు.

"అది సరేమ్మా. నీది యాడ పడింది?"

"సరిహద్దు అవతల, వాళ్ళ స్థావరం మీద."

"అది టీవీలో చెప్పిరి. యాడ పడింది అంటాండా. పక్కన ఏముండె? ఎవురుండిరి?"

"నాకెట్లా తెలుస్తుంది పెద్నాయనా? అది నా పని కాదు. సరైన క్షణాన పేలేటట్టు చూడటం వరకే నా పని."

"పేలిందా?"

"పేలింది. రిపోర్టు వచ్చింది."

"పేలిందని రాసినోనికి యాడ పేలిందో తెల్దా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి నిలబడ్డాను. నువ్వు చేసిందీ నేను చేసేదీ ఒకటేనా అన్నాను. నీది ఎవరిదో కక్ష, నాది దేశం పని అన్నాను. అవతలివాళ్ళు మన ఊళ్ళ మీదికి వదిలినవి నడిమధ్యలో ఆగిపోయాయంటే అదీ మాలాంటివాళ్ళు చేసిందేనన్నాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేటంత గట్టిగా అన్నాను.

ఆయన అంతా విన్నాడు. "నిజమేమ్మా. నేను కాదన్లా. నేను చుట్టినన్నాళ్ళూ మా వీధి ఆడోళ్ళు నిమ్మళంగా పండుకుండిరి. నాకూ అది శానా గొప్పగా ఉండె. మంచిదా చెడ్డదా అని నేనడగలా. యాడ పడిందని అడుగుతాండా."

జవాబు లేనప్పుడు నా కోపం రెండింతలవుతుంది. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. మరుసటి పొద్దున ఆయనే వచ్చి, "బండి తీ. ఒక ఇంటికి పోవాల" అన్నాడు. చేతిలో టమాటాల బుట్ట ఉంది. ఆ ఏడు తోటలో మొదటి కోత. పెద్దమ్మ ఒక్కొక్క కాయ తుడిచి పేర్చింది.

స్కూటర్ మీద నా కాళ్ళ దగ్గర బుట్ట, వెనక పెదనాయన. గుంతలొచ్చినప్పుడల్లా నన్ను కాదు, బుట్టను జాగ్రత్త అనేవాడు. అరగంట ప్రయాణం చేసి పక్క పల్లెలో ఒక దర్జీ ఇంటి ముందు ఆగాం. పంచలో మోటారు మిషను ముందు అరవై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కిందికి లేదు. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. బుట్ట దగ్గరికి లాక్కుని ఒక కాయ వత్తి చూశాడు.

"పోయినేటికంటే చిన్నగుండాయే."

"ఎండలప్పా" అన్నాడు పెదనాయన.

"ఎండ అందరి చేన్లకూ కాసె. నీయే చిన్నగైనాయి. ఈ పిల్ల ఎవురు?"

"మా తమ్ముని బిడ్డ. హైదరాబాదులో ఉజ్జోగం."

"ఏం ఉజ్జోగం?"

పెదనాయన నా వైపు చూశాడు. నేను టమాటాల వైపు చూశాను. "నా పాత పనే. సర్కారోళ్ళ కాడ" అన్నాడు పెదనాయన.

దర్జీ మిషను ఆపాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తిడతాడనుకున్నాను. నా చేతుల దగ్గర ఆయన చూపు ఆగింది.

"నీకు వేళ్ళన్నీ ఉండాయే" అన్నాడు.

దూరంగా ఉండి చేసే ఏర్పాట్లుంటాయి అన్నాను. మంచిదేలే అన్నాడు. ఆ తర్వాత, కొత్త మనిషి దొరికిందన్న హుషారుతో, తన కాలి కథ తానే చెప్పాడు. అప్పటికాయనకు పెళ్ళయి నెల. పండగ బట్టలు కుట్టడానికి గుడ్డల మూట సైకిలుకు కట్టుకుని నందికొట్కూరు నుంచి వస్తున్నాడు. ఎవరి జీపు మీదికో విసిరిన బాంబు, పెదనాయన చుట్టినదే, తప్పిపోయి రోడ్డు పక్కన పడింది. ఆయన ఆ పక్షమూ కాదు, ఈ పక్షమూ కాదు.

"నా కాలు పోతాంటే ఈయప్ప ఏం చేస్తాండెనో తెలుసునా? ఇంట్లో కూచోని సద్ది తింటాండె."

"సద్ది కాదు, ఉగ్గాని" అన్నాడు పెదనాయన.

"ఆ, ఉగ్గాని" అని దర్జీ ఒప్పుకున్నాడు. చద్దన్నమా, బొరుగుల ఉగ్గానా అన్నది వాళ్ళిద్దరి మధ్యా పాత తగవని నాకర్థమైంది.

తన వేళ్ళు పోయిన మరుసటేడు, మొదటి కోత బుట్ట ఎత్తుకుని పెదనాయన చర్చికని బయల్దేరాడట. దారిలో కాళ్ళు ఇటు తిరిగాయట. ఆ బుట్టను దర్జీ వీధిలో గిరాటేశాడు. రెండో ఏడు కాయలు మేకలకు వేశాడు. మూడో ఏడు ఇంట్లోకి తీసుకుని, చిన్నగా ఉన్నాయన్నాడు. ఇప్పటికి ముప్పై ఏళ్ళుగా చిన్నగానే ఉన్నాయి.

మేం లేవబోతుంటే దర్జీ భార్య ఖాళీ చేసిన బుట్ట తెచ్చింది. తెచ్చినవాళ్ళకు బుట్ట వట్టిగా తిరిగి ఇవ్వరు కదా, అందులో మడతపెట్టిన కొత్త చొక్కా ఉంది. టిచ్ గుండీలు. నేను ఆ చొక్కాను చేతిలోకి తీసుకుని ఒక గుండీ టపమని ఊడదీసి మళ్ళీ నొక్కాను. చిన్నప్పుడు నేను టపటపలాడించినవన్నీ ఈ ఇంట్లో కుట్టినవే.

"మొదటిది నా ఇంటిది పోరు పెడితే కుట్టినా" అన్నాడు దర్జీ నాతో. "అగసాట్లు పడనీలే అని కావాలనే మామూలు గుండీలు పెడ్తి. మరుసటేడు చూస్తే, ఈ మనిషి దానికి పిన్నీసులు గుచ్చుకోని వచ్చినాడు. నాకే సిగ్గాయె."

తిరుగుదారిలో ఊరు దగ్గరపడ్డాక, ఆయన నిన్ను క్షమించినట్టేనా అని అడిగాను.

"నేనడగలా."

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా?"

"అడిగి, ల్యాదు అంటే? మళ్ళేడు టమాటాలు ఎవురికియ్యాల?"

మరి మిగతావి ఎక్కడ పడ్డాయో తెలుసా అన్నాను. అన్నీ తెలుసన్నాడు. ఒకటి చెరువులో పడి చేపలు చచ్చాయి. ఒకటి గోడ కూల్చింది. కొన్ని పేలనే లేదు. అన్నిటినీ పోయి చూసొచ్చాడు. "ఇంకొకటి ఉండాది, ఒక ఇంటి మీద పడె. ఆ ఇంటోళ్ళు ఊరిడిసి పోయిరి. యాడికి పోయిరో ఎంత విచారించినా తెలీలా. ఇంకా అడుగుతానే ఉండా" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బండి నడుపుతున్నాను కాబట్టి దుమ్మని చెప్పుకోవడానికి వీలైంది.

పండుగ రోజు చొప్ప క్షిపణి పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. ముందు వరుసలో మా అమ్మ, ఆకాశం వైపు చూపించడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. గడప పక్కన పెదనాయన కొత్త చొక్కాలో ఉన్నాడు. జ్ఞాపిక సంచిలోనే ఉంది. నేను సంచి తెరవలేదు.

"నేను చేసింది బాగా పనిచేసిందని మా ఆఫీసులో చెప్పారు" అన్నాను. "సంతోషపడ్డాను. మన ఊళ్ళను కాపాడే పనిలో నా చెయ్యి కూడా ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ నేను చేసింది ఎవరింటి పక్కన పడిందో నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళలో అడగనూ లేదు. అది తెలిసేదాకా ఈ బల్ల మీద పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు."

మామూలుగా సాక్ష్యం ముగియగానే అందరూ స్తోత్రం అంటారు. దీనికి అనొచ్చో అనకూడదో ఎవరికీ తోచలేదు. అయ్యగారు బైబిలు తిప్పుతున్నారు. ఇంతలో కోళ్ళ అవ్వ, ఆమెకు చెవులు వినపడవు, నా పెదవులు ఆగడం చూసి "స్తోత్రం" అని గట్టిగా అంది. అలవాటు కొద్దీ చర్చి అంతా స్తోత్రం అంది. నేను కూర్చున్నాను. అయ్యగారు బల్ల మీది ఉల్లిగడ్డలు పక్కకు జరిపి, ఒక బుట్ట పట్టేంత చోటు ఖాళీగా ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు.

బయటికొచ్చాక యువజనులు మొహాలు వేలాడేసుకుని క్షిపణి చుట్టూ నిలబడ్డారు. దాన్నేం చేయాలో తెలియదు. పెదనాయన వాళ్ళ మధ్యకు పోయి ఒక రెక్క ఊడబీకాడు.

"చొప్ప శానా మంచిది" అన్నాడు. "ఎద్దులకెయ్యండి."

ఆ మధ్యాహ్నం మా ఊరి ఎద్దులు ఒక క్షిపణిని కొననుంచి అడుగు దాకా తిన్నాయి, బంతిపూలతో సహా. యువజనులు కడుపుబ్బ నవ్వారు. మా అమ్మ మాత్రం రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట అన్నం వడ్డిస్తూ, "గుమ్మడికాయైనా పెట్టకపోతివి" అంది.

ఉద్యోగం మానలేదు. మానితే నా చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, ఈ ప్రశ్న మాత్రం కుర్చీ ఖాళీ చేసి నాతోపాటు ఇంటికొచ్చేస్తుంది. హైదరాబాదు వచ్చాక సమీక్షా సమావేశంలో, మనది యాడ పడిందండీ అని ఊరి మాటలోనే అడిగాను. లక్ష్యం మీదే పడిందమ్మా అన్నారు మా పై అధికారి. లక్ష్యం చుట్టూ ఏముందండీ అన్నాను. అది మన విభాగం పని కాదన్నారు. కాగితం మీద రాసిచ్చాను. అదే జవాబు కాగితం మీద వచ్చింది. మళ్ళీ రాశాను. క్యాంటీన్లో నన్ను చూసి "వచ్చిందమ్మా యాడ పడింది" అని ఏడిపించేవాళ్ళు తయారయ్యారు. మూడోసారి రాసినప్పుడు, ఏడిపించినవాళ్ళలో ఇద్దరు నా సంతకం కింద సంతకం పెట్టారు. నా ఫ్రిజ్ మీద పెదనాయన ఇచ్చిన వెదురు బుట్ట ఒకటి ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు అందులో తాళాలు వేయబోతే వెయ్యనివ్వను.

మొన్న పెదనాయన ఫోన్ చేశాడు. ఈ ఏటి మొదటి కోత దర్జీకి ఇచ్చి వచ్చాడట. కాయలు చిన్నగానే ఉన్నాయట.

"తెలిసిందామ్మా?" అన్నాడు.

"ఇంకా లేదు పెద్నాయనా. అడుగుతున్నాను."

"మానగాకు. ఆయప్ప కూడా అడిగినాడు, మీ పిల్ల బుట్ట పోయే ఇల్లు దొరికిందా అని. దొరికితే ఆ ఇంటోళ్ళ కొలతలు పంపీమన్నాడు. బట్టలు కుడతాడంట."

అంతలో మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"మామూలు గుండీలు పెట్టాల్నా, టిచ్ గుండీలా, అది కూడా కనుక్కోమన్నాడు."

కనుక్కుంటానని చెప్పాను.